పసుపు లైటు తీసేసిన సాయంత్రం

మొన్న నేను ఒక గంపెడు మిరపకాయలకి తొడిమలు తీశానండి. ఇందులో వింతేముంది, ఈ నెలల్లో సత్తెనపల్లిలో ఏ అరుగు మీద చూసినా అదే పని కదా అంటారు. నిజమే. కానీ ఎవరి అరుగు మీద కూర్చుని తీశానో అడగండి! ఎవరింటికి కూలికి వెళ్ళానో అడగండి! వెళ్ళినట్టు నాకే తెలియదు. అదీ అసలు సంగతి.

ముందు నా పిచ్చి గురించి చెప్పాలి. కొందరికి పిట్టలంటే ఇష్టం, కొందరికి రైళ్ళంటే ఇష్టం. నాకు వీధి లైట్లు. నవ్వకండి. బడికి పోయి చదివిన దాన్ని కాదు. పచారీ పొట్లాలు విప్పి ఆ కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాను. అందులో లైట్ల గురించి ఎక్కడ ఏం రాసినా రెండుసార్లు చదువుతాను.

నేను కాపురానికి వచ్చినప్పుడు ఈ ఊళ్ళో స్తంభాలకి బల్బులుండేవి, పైన రేకు మూకుడు బోర్లించినట్టు. తర్వాత ట్యూబులైట్లు వచ్చాయి. రెండు కొసలూ నల్లబడి, గంటసేపు మినుకు మినుకుమని, పురుగుల్ని మాత్రం పుష్కలంగా పోగుచేసేవి. ఆ తర్వాత మెర్క్యురీ లైట్లు. వాటి కింద ఎంత ఆరోగ్యంగా ఉన్నవాళ్ళయినా వారం రోజులు జ్వరపడి లేచినట్టు కనిపించేవాళ్ళు. ఆ తర్వాత సోడియం లైట్లు వచ్చాయి, పసుపు రంగువి. వెలిగీ వెలగ్గానే గులాబీ రంగులో సిగ్గుపడి, మెల్లగా నారింజకి తిరిగి, చివరికి మగ్గిన బొప్పాయి పండులా నిలబడేవి. ఇప్పుడు ఎల్‌ఈడీలు. వీటికి సిగ్గూ లేదు, ఆలస్యమూ లేదు. స్విచ్ వేస్తే టక్కున తెల్లారిపోతుంది.

రోజూ సాయంత్రం నడకకి వెళ్ళేది కాళ్ళ కోసమని మా కోడలు రమకి చెబుతాను. అసలు వెళ్ళేది లైట్లు వెలిగే క్షణం చూడటానికి. మెయిన్ రోడ్డు మీద పంక్చర్ షాపు ముందు ఒక స్తంభం ఉంది. అక్కడ నిలబడితే రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపిస్తుంది. ఒక్కసారిగా అన్నీ వెలుగుతాయి చూడండి, నా సామిరంగా! నాకోసమే ఎవరో స్విచ్ వేసినట్టు ఉంటుంది.

ఆ నడకకే ఈమధ్య గండం వచ్చిపడింది.

నాకు మతిమరుపు భయం. మతిమరుపు ఉందో లేదో తెలియదు గానీ భయం మాత్రం దండిగా ఉంది. కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు వెతకడం అందరూ చేసేదే. కానీ నేను చేస్తే రమ ముఖం మారుతుంది. పోయిన నెల పాలు స్టవ్ మీద పెట్టి పెరట్లోకి వెళ్ళాను. గిన్నె మాడి బొగ్గయింది. ఆ రోజు రమ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

“అత్తయ్యా, ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే సాయంత్రాలు మీరు ఒక్కరే బయటికి వెళ్ళకూడదు. నాకు భయంగా ఉంది,” అంది.

“స్టవ్‌కీ రోడ్డుకీ ఏం సంబంధమే?”

“స్టవ్ దగ్గర మర్చిపోయిన మనిషి రోడ్డు మీద మర్చిపోరా?”

బళ్ళో టీచరు. మాటకి మాట ఎక్కడ అప్పజెప్పాలో తెలుసు. మా అబ్బాయి పత్తి మిల్లులో సెకండ్ షిఫ్టు, సాయంత్రాలు ఇంట్లో ఉండడు. కాబట్టి తీర్పు రమదే. ఆ రోజు నుంచి నేను ఏదైనా గుర్తు రాకపోతే నోరు విప్పి అడగడం మానేశాను. అడిగితే దొరికిపోతాను కదా! తెలిసినట్టే తల ఊపుతాను. ఈ తల ఊపుడు సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో నా కొంప ముంచబోయేది అదే.

ఇక మా సందు. అప్పట్లో ఒకే మేస్త్రి వరసగా కొన్ని సందుల్లో ఇళ్ళు కట్టాడు. ఆయనకి వచ్చిన ప్లాను ఒకటే. అదే అరుగు, అదే మూడు మెట్లు, అదే నెమలి గ్రిల్లు, అదే నీలం గేటు. మా ఇంటికి మొదటిసారి వచ్చేవాళ్ళకి గుర్తు చెప్పాలంటే మా సందు మొదట్లో ఉన్న పసుపు లైటే గతి. చుట్టుపక్కల అన్నీ ఎల్‌ఈడీలు అయిపోయినా అదొక్కటే పాత సోడియం దీపం మిగిలిపోయింది. పాపం ముసలిదైపోయింది. కాసేపు వెలిగేది, బాగా వేడెక్కగానే ఉన్నట్టుండి ఆరిపోయేది, చల్లారాక మళ్ళీ గులాబీ రంగు నుంచి మొదలుపెట్టేది. అచ్చం నా బుర్రలాగే. దాన్ని చూస్తే జాలేసేది. అయినా సందులో చీకటి పడుతోందని వార్డు సచివాలయానికి వెళ్ళి మార్చమని అడిగాను. ఒకసారి కాదు, వాళ్ళు నన్ను చూసి కుర్చీ వేయడం మొదలుపెట్టేదాకా అడిగాను.

మొన్న మధ్యాహ్నం బండి వచ్చిందండీ! నిచ్చెన పైకి లేచే బండి. నేను గొడుగు వేసుకుని వెళ్ళి కింద నిలబడ్డాను. పైన ఉన్నాయన పాత దీపం విప్పుతుంటే నాకు కాలు నిలవడం లేదు.

“కొత్తది ఎన్ని వాట్లయ్యా?”

చెప్పాడు.

“కొంచెం రోడ్డు వైపు వంచి బిగించు నాయనా. లేకపోతే వెలుగంతా ఆ వేపచెట్టే తాగేస్తుంది.”

“మామ్మగారూ, మీరు పైకి వస్తారా, నేను కిందికి దిగనా?”

అలా అన్నాడే గానీ రోడ్డు వైపు వంచే బిగించాడు. మంచివాడు. దిగాక మజ్జిగ ఇచ్చాను. అంటే ఏమిటన్నమాట? ఆ పసుపు లైటుని నేనే అడిగి తీయించాను, నా కళ్ళముందే తీయించాను, తీసినాయనకి మజ్జిగ ఇచ్చి మరీ పంపాను. ఇది మనసులో పెట్టుకోండి.

సాయంత్రం రమ పదో తరగతి పేపర్లు దిద్దుకుంటోంది. అరుగు మీద మిరపకాయల బస్తా ఉంది. ఏడాది కారానికని రమ పుట్టింటివాళ్ళు పంపారు. “అత్తయ్యా, వీటికి తొడిమలు తీయాలి, ఎవరినైనా పిలవాలి,” అని పొద్దుట్నుంచీ అంటోంది. “భుజం నొప్పిగా ఉందే,” అని నేను తప్పించుకుంటున్నాను. “చూద్దాంలే, ఎవరినైనా చూస్తాను,” అనేసి చెప్పులేసుకున్నాను. ఫోను టీవీ పక్కనే పెట్టి మర్చిపోయాను. అది మామూలే.

ఆ సాయంత్రం మెయిన్ రోడ్డు చూడాలండీ! మిగిలిన పాతవన్నీ అదే రోజు మార్చేసినట్టున్నారు. ఎక్కడా పసుపు మరక లేదు. అరటిపళ్ళ బండి మీద పండుకీ కాయకీ తేడా తెలుస్తోంది. ఆటోవాడి చొక్కా మీద గళ్ళు తెలుస్తున్నాయి. మంచి లైటు కింద వస్తువుల అసలు రంగు బయటపడుతుందని పేపర్లో చదివాను. కళ్ళారా చూస్తూ, తల పైకెత్తుకుని, నోరు కూడా తెరిచే ఉంటాననుకుంటా, వెనక్కి తిరిగి నడుస్తున్నాను.

కాళ్ళకి అలవాటుంది కదా. పసుపు లైటు రాగానే కుడివైపు తిరగాలి. నా కళ్ళు తెల్ల లైట్లు చూస్తున్నాయి, నా కాళ్ళు పసుపు లైటు కోసం చూస్తున్నాయి. మా సందు మొదట్లో పసుపు లైటు లేదు. కాళ్ళు ఆగలేదు. కొంచెం ముందుకెళ్ళాక పక్క సందు మొదట్లో బజ్జీల బండి, దాని మీద పసుపు బల్బు. అంతే! కాళ్ళు టక్కున తిరిగిపోయాయి.

నీలం గేటు. నెమలి గ్రిల్లు. మూడు మెట్లు. అరుగు మీద మిరపకాయలు. ఇంకేం కావాలండీ మా ఇల్లు అనుకోవడానికి?

నాకు తేడా తెలియలేదని కాదు. తెలిసింది! గోడ ఆకాశం రంగులో ఉంది. మా గోడ మీగడ రంగు. నేనేమనుకున్నానంటే, ‘ఆహా, ఎల్‌ఈడీ అంటే ఇదీ! ఇన్నాళ్ళూ ఆ పసుపు వెలుతుర్లో మా గోడ అసలు రంగే చూడలేదన్నమాట.’ పగలల్లా ఎండలో చూస్తున్న గోడే కదా అని ఒక్క క్షణం కూడా తోచలేదు. గుమ్మం పైన 786 అని రాసి ఉంది. ఆ అంకె అంటే ఏమిటో తెలియని దాన్ని కాదు, ముస్లింల ఇళ్ళ గుమ్మాల మీద ఊరంతా చూసే అంకె. కానీ ఆ పూట నా తలకాయ నిండా మున్సిపాలిటీయే ఉంది. ‘ఓహో, కొత్త డోరు నంబర్లు కూడా వేసేశారే, ఒక్కరోజులో ఎంత పని చేశారు!’ అని మెచ్చుకున్నాను. చెప్పులు విప్పాను.

“అమ్మాయ్, వచ్చానే!” అన్నాను.

లోపల మిక్సీ గరగరలాడుతోంది. ఆ మోతలోంచి ఆడగొంతు వినిపించింది.

“ఆ, రండి రండి! అక్కడే కూర్చుని మొదలుపెట్టండి!”

నాకు రోషం వచ్చింది. వచ్చీ రాగానే పని చెబుతుందా! అయినా పొద్దుట్నుంచీ తప్పించుకుంటున్నది నేనే కదా, ఇప్పుడు గొడవెందుకని పీట లాక్కుని కూర్చున్నాను. ఆ మిరపకాయలు చూడాలండీ! కుంకుమ రాశి పోసినట్టున్నాయి. మధ్యాహ్నం బస్తాలో చూసినప్పుడు ఇంత ఎరుపు లేవు. ఇదీ లైటు మహిమే అనుకున్నాను. బస్తాలోంచి గంపలోకి ఎప్పుడు వచ్చాయని అడగబోయి ఊరుకున్నాను. ‘మీరే పోశారు కదా అత్తయ్యా’ అంటే?

భుజం నొప్పి కూడా రాలేదు. ఆ వెలుగులో రంగు తేలిపోయిన తాలుకాయ తాలుకాయలా, మంచికాయ మంచికాయలా విడివిడిగా కనిపిస్తుంటే చేతులు వాటంతటవే ఆడాయి. తొడిమలొక పక్క, తాలుకాయలొక పక్క, మంచివొక పక్క.

కాసేపటికి ఒక అమ్మాయి స్టీలు గ్లాసులో టీ పట్టుకొచ్చింది. తల మీద కొంగు, చేతినిండా గాజులు, నవ్వు ముఖం.

“టీ తీసుకోండి పెద్దమ్మా.”

ఎవరీ పిల్ల!

ముఖం ఎంతకీ గుర్తు రావడం లేదు. మార్టూరు నుంచి రమ పిన్ని కూతురు ఎప్పుడో వస్తుందని అనుకున్నారు కదూ? అనుకున్నారా? ఆ పిల్ల పేరేమిటి? ఎవరమ్మా నువ్వు అని అడిగితే ఇక అయిపోయాను. నడక పోయినట్టే. కాబట్టి ఏం చేశాను? నవ్వాను. తల ఊపాను.

“బాగున్నావామ్మా?”

“బాగున్నాం పెద్దమ్మా.”

“ఇంట్లో అందరూ?”

“అందరూ బాగున్నారు.”

గట్టెక్కాననుకున్నాను. ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు.

“ఎప్పుడొచ్చావమ్మా?”

“పోయిన నెల్లోనే వచ్చేశాం పెద్దమ్మా.”

గ్లాసు కింద పెట్టాను. పోయిన నెలా! అంటే నెలరోజులుగా ఈ పిల్ల మా ఇంట్లోనే ఉంటోందా? నాతో కలిసి అన్నం తింటోందా? నాకు ఒక్క ముద్ద కూడా గుర్తు లేదే!

“అలవాటైందా ఇల్లు?” ఒక మిరపకాయ అందుకుని అడిగాను.

“బానే ఉంది. కుళాయి నీళ్ళే సరిగ్గా రావు.”

“అవునమ్మా, మన కుళాయి అంతే,” అన్నాను. ఆ ఒక్కటీ నిజమే కాబట్టి కొంచెం ధైర్యం వచ్చింది.

ఆ పిల్ల పక్కన కూర్చుని నేను తీసిన కుప్ప చూసింది. “అబ్బ, మీ చెయ్యి ఎంత చురుకు పెద్దమ్మా! తాలుకాయలు కూడా ఏరేశారే! మామూలుగా ఎవరూ ఏరరు. రేపు కూడా వస్తారా?”

“రావడమేమిటమ్మా? ఎక్కడికి పోతాను? ఇక్కడే ఉంటాను కదా.”

“ఇక్కడా?”

“ఇక్కడే.”

“ఇక్కడంటే... మా ఇంట్లోనా పెద్దమ్మా?”

“మరెక్కడ పడుకుంటాను? ఆ పక్క గదిలో, నా మంచం మీద.”

ఆ పిల్ల నన్నూ పక్క గదినీ మార్చి మార్చి చూసింది. “ఆ గదిలో మంచం లేదు పెద్దమ్మా. బీరువా, కుట్టుమిషను ఉన్నాయి.”

ఇక్కడి దాకా మీకు నవ్వొచ్చి ఉంటుంది. నాకైతే కళ్ళు తిరిగాయి. నా మంచం తీసేశారు. ఎప్పుడు తీశారు? నాకు చెప్పే తీశారా? చెబితే నేను సరేనన్నానా? నన్ను ఎక్కడికైనా పంపించేయాలని మాట్లాడుకుని, ఆ మాట కూడా నేను మర్చిపోయానా? ఇదేనా అది? ఇన్నాళ్ళూ భయపడుతున్నది ఇలాగే వస్తుందా, టీ తాగుతుండగా? చేతిలో మిరపకాయ అలాగే ఉంది. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను.

అయ్యో దేవుడా! మిరపకాయ చెయ్యండీ! గుంటూరు మిరపకాయ!

ఆ తర్వాత ఏడుపు దేనికో ఎవరూ చెప్పలేరు. ఆ పిల్ల గాభరాపడి లోపలికి పరిగెత్తింది, చెంబుతో నీళ్ళు తెచ్చింది, తన కొంగుతోనే నా కళ్ళు అద్దింది. ఒక చేత్తో నా చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో ఫోను చేసింది.

“ఏమండీ, మీరు తొడిమలకని పంపిన పెద్దావిడ ఏడుస్తోంది. ఇక్కడే ఉంటానంటోంది. మంచమేది అంటోంది. మీరు ఒకసారి రండి.”

అటునుంచి ఏమన్నాడో గానీ ఆ పిల్ల, “పెద్దావిడేనండీ, బామ్మ వయసు,” అంది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. “పెద్దమ్మా, మీ పేరు నాంచారమ్మేనా?”

“కాదమ్మా,” అన్నాను. కనీసం అదైనా గుర్తున్నందుకు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

మోపెడ్ వచ్చి గేటు ముందు ఆగింది. దిగినాయన నన్ను చూసి నోరు వెళ్ళబెట్టాడు.

“అరెరే, మామ్మగారు! లైట్ల మామ్మగారు కదూ! రోజూ మా షాపు ముందు స్తంభం కింద నిలబడతారు కదా! సైదా, ఈవిణ్ణి తొడిమలు తీయమన్నావా నువ్వు?”

ఆయన పంక్చర్ షాపు ఖాదర్. ఆ అమ్మాయి సైదాబీ, ఆయన భార్య. పోయిన నెల్లో ఈ ఇంట్లో అద్దెకి దిగారు.

“మామ్మగారూ, మీది ముందు సందు కదా. ఆ పసుపు లైటు సందు.”

పసుపు లైటు!

అప్పుడు తెలిసిందండీ. మంచం ఉంది. గది ఉంది. నన్నెవరూ ఎక్కడికీ పంపడం లేదు. నా ఇల్లు నా ఇంటి దగ్గరే ఉంది, నేనే లేను. ఎంత హాయిగా అనిపించిందంటే, ఆ మండుతున్న కళ్ళతోనే నవ్వేశాను. సైదాబీ తలకాయ కొట్టుకుంది.

“అయ్యో, ఇంత పెద్దావిడ చేత పని చేయించానా! ‘మొదలుపెట్టండి’ అని కూడా అన్నానే!”

“అన్నావు. అది కాస్త కోపం వచ్చింది నాకు,” అన్నాను.

నవ్వు అయ్యాక అసలు భయం గుర్తొచ్చింది. “నాయనా ఖాదరూ, మా కోడలికి మాత్రం చెప్పకు. చెబితే రేపట్నుంచి నా నడక బంద్. నీ షాపు ముందు ఇక నిలబడను.”

“ఎందుకు చెప్తాం మామ్మగారూ? మీ గేటు దాకా తోడొస్తాం. దారిలో కలిశామని చెప్పండి, అంతే.”

ముగ్గురం కలిసి బయల్దేరాం. సైదాబీ నా చెయ్యి వదల్లేదు. మా సందు మొదట్లో నేను మజ్జిగిచ్చి పెట్టించిన కొత్త లైటు వెలుగుతోంది. దాని కిందనుంచే దాన్ని చూడకుండా వెళ్ళిపోయాను కాసేపటి క్రితం.

మా గేటు తీశాను. అరుగు మీద ఎవరో ఆవిడ పీట వేసుకుని కూర్చుని మా మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. పక్కన టీ గ్లాసు.

మళ్ళీ అదే! ఈవిడెవరు? ఇది మా ఇల్లేనా? గోడ చూశాను, మీగడ రంగే. మా ఇల్లే. అయితే ఈవిడ నాకు తెలిసినావిడే అయి ఉండాలి. నేనేం చేశానో మీరే చెప్పగలరు. నవ్వాను, తల ఊపాను.

“బాగున్నావామ్మా?” అన్నాను.

వెనకనుంచి ఖాదర్ కేక. “నాంచారమ్మా! నువ్విక్కడేం చేస్తున్నావే!”

“మీరే కదయ్యా రమ్మంది!”

“మా ఇంటికి రమ్మన్నాను! పసుపు లైటు సందు దాటాక వచ్చే సందు అని చెప్పానా లేదా?”

“దాటాలంటే ముందు లైటుండాలి కదయ్యా! లేని లైటుని ఎలా దాటను? బజ్జీల బండాయన్ని పసుపు లైటు సందు ఏదంటే ఇది చూపించాడు. దీన్ని దాటబోతూ తొంగి చూస్తే నీలం గేటు, అరుగు మీద మిరపకాయలు. మీరు చెప్పిన గుర్తులన్నీ ఉన్నాయి!”

ఈ గోలకి రమ ఎర్ర పెన్ను పట్టుకుని బయటికి వచ్చింది. ఖాదర్ అప్పటికే నాలుక కరుచుకున్నాడు గానీ ఇక దాచడానికేముంది? నా కళ్ళు మిరపపండ్లలా ఉన్నాయి, చీరనిండా తొడిమలు. రమ అడిగింది, నేను చెప్పాను. మొదటినుంచి చివరిదాకా అంతా చెప్పాను, మంచం సంగతితో సహా. చెబుతూ చెబుతూ నా నడకకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

“మరి నువ్వెందుకు అడగలేదే, ఈవిడెవరని?” అన్నాను చివర్లో, కొంచెం పోట్లాటకైనా పనికొస్తుందని. “ఎవరో వచ్చి అరుగు మీద కూర్చుంటే టీ కూడా ఇచ్చావు!”

రమ పెన్ను మూత పెట్టింది, తీసింది.

“మీరు పిలిచారనుకున్నాను అత్తయ్యా. ‘ఎవరినైనా చూస్తాను’ అన్నారు కదా. పిలిచి, నాకు చెప్పడం మర్చిపోయి ఉంటారనుకున్నాను. ఫోన్ చేస్తే ఇంట్లోనే మోగింది. మీరొచ్చాక అడుగుదామనుకున్నాను. మళ్ళీ, అడిగితే ‘అయ్యో, ఇదీ మర్చిపోయానా’ అని మీరు బాధపడతారని, అడగకూడదనుకున్నాను.”

చూశారా? నేను దొరికిపోతానని అడగను. తను నన్ను దొరకపుచ్చకూడదని అడగదు. మేమిద్దరం అలా నోరు మూసుకుని ఉంటే ఊళ్ళో ఎవరైనా వచ్చి మా ఇంట్లో టీ తాగి పోవచ్చు.

సైదాబీయే ముందు నవ్వింది, తర్వాత నాంచారమ్మ, తర్వాత అందరం. పరాయి ఇంట్లో నా కన్నీళ్ళు తన కొంగుతో తుడిచిన ఆ పిల్లకీ, పని మానుకుని మోపెడ్ మీద పరుగెత్తుకొచ్చిన ఖాదర్‌కీ, తన మనసులో భయం పెట్టుకుని నా మనసు నొప్పించకుండా తిరుగుతున్న ఈ కోడలికీ ఏమిచ్చుకోగలను? రమ మళ్ళీ టీ పెట్టింది. నాంచారమ్మ పని ఆపలేదు. “మొదలెట్టిన బస్తా మధ్యలో ఒదిలిపెట్టనమ్మా,” అంది. సైదాబీ ఊరికే కూర్చోలేక తనూ చెయ్యి వేసింది. కొత్త లైటు వెలుగు గేటు దాటి అరుగు మీద దాకా పడుతోంది. అందరి ముఖాలూ ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తున్నాయి. మజ్జిగ ఇచ్చి మంచి పని చేశాననుకున్నాను.

“మన బస్తాకేమో భుజం నొప్పి, వాళ్ళ గంపకి మాత్రం నొప్పి లేదన్నమాట,” అంది రమ నా చెవిలో.

“వాళ్ళు పెద్దమ్మా అని పిలిచి టీ ఇచ్చారే,” అన్నాను.

కానీ నడక సంగతి మాత్రం తేలలేదు. అందరూ వెళ్ళాక రమ, “రేపు నేనూ మీతో వస్తాను. ఎక్కడ తిరగాలో ఇద్దరం కలిసి కొత్త గుర్తు పెట్టుకుందాం,” అంది. నాకు అర్థమైపోయింది. రేపు తోడొస్తుంది, ఎల్లుండీ తోడొస్తుంది, తర్వాత తనకి తీరికుండదు, అలా అలా నా లైట్లు ఆరిపోతాయి. సరేనన్నాను. అనక ఏం చేస్తాను?

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. లైట్లు వెలిగేది పంక్చర్ షాపు దగ్గర నిలబడి చూశాం. అన్నీ ఒక్కసారి వెలగ్గానే రమ చిన్నపిల్లలా “అబ్బా!” అంది. ఎన్నాళ్ళకో ఒక మనిషి నా పక్కన నిలబడి ‘అబ్బా’ అందండీ! సగం బెంగ అక్కడే తీరిపోయింది. తిరిగొస్తూ తను బడి కబుర్లు మొదలుపెట్టింది. హెడ్మాస్టరు ఇలా అన్నాడు, నేనిలా అన్నాను, ఒకడు పరీక్షలో ఇలా రాశాడు. నేను ఊ కొడుతున్నాను. మాటల్లో పడి ఇద్దరం నడుస్తూనే ఉన్నాం.

రమ ఉన్నట్టుండి ఆగింది. ఎదురుగా నూనె మూకుడు, పసుపు బల్బు. బజ్జీలు సలసల వేగుతున్నాయి.

“అత్తయ్యా,” అంది మెల్లగా, “మన సందు ఏదీ?”

నేను నోరు విప్పలేదు. తల మాత్రం ఊపాను.

వెనక్కి తిరిగి నడిచాం. గేటు దగ్గర తను ఆగింది. అప్పుడు అటూ ఇటూ చూసి, “రేపట్నుంచి మీరు ఒక్కరే వెళ్ళిరండి అత్తయ్యా. మీకేం కాదు. కానీ ఇవాళ్టి సంగతి మాత్రం ఎవరికీ చెప్పకండి. బళ్ళో తెలిస్తే పిల్లలు నవ్వుతారు. మాటివ్వండి,” అంది.

చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. చచ్చినా ఎవరికీ చెప్పనన్నాను.

మరి మీకెందుకు చెప్పానంటారా? మాటిచ్చిన సంగతి మర్చిపోయానండీ!